మెతుకూ మెదడూ

అయిజలో ఏటేటా తిక్క వీరేశ్వరస్వామి ఉత్సవాలు జరుగుతాయి. నడిగడ్డ పల్లెల నుండి రైతులు, కూలీలు పిల్లాపాపలతో తరలివచ్చి స్వామిని సేవించి పోతారు. దేవుని పేరులో వినబడినంతసేపు 'తిక్క' అన్న మాటకు జనం చేతులు జోడిస్తారు. అదే మాట మనిషి పేరుకు ముందు చేరినదా, ఆ మనిషి బ్రతుకు తెల్లవారినట్లే. పిల్లలు వెంటబడి రాళ్లు రువ్వుతారు. పెద్దలు చూచీ చూడనట్లు తప్పుకొంటారు. ఆ ఇంటి పిల్లను చేసుకొనడానికి చుట్టాలు సైతం వెనుదీస్తారు. దేవునిలో లీల అయినది మనిషిలో దోషమై కూర్చున్నది.

నిన్నటి దాకా నాగలి పట్టిన మనిషి ఒకనాటి నుండి నిద్ర పట్టక, తిండి సహించక, ఊరకే కన్నీరు పెట్టుకొంటూ, ఉన్నట్టుండి కసరుకొంటూ, చివరకు అయినవారిని కూడా గుర్తించలేని స్థితికి వచ్చినాడనుకోండి. దానికి పల్లెలో మూడు కారణాలు సిద్ధంగా ఉంటాయి. గాలి సోకినదని కొందరంటారు. ఎవరో చేతబడి చేసినారని కొందరంటారు. పూర్వజన్మలో చేసుకొన్నది అనుభవించక తప్పదని మరికొందరు నిట్టూరుస్తారు. నాలుగవ ప్రశ్న ఒకటి ఉన్నది. అది తరచుగా ఎవరికీ తోచదు. ఈ మనిషి ఇన్ని నెలలుగా ఏమి తిని బ్రతుకుతున్నాడు?

ఆ నాలుగవ ప్రశ్నను అడిగినవారు హైదరాబాదులో ఉన్నారు. అది ఎక్కడో సముద్రాల ఆవల పుట్టిన ప్రశ్న కాదు. తెలంగాణా జొన్నరొట్టెకూ మనిషి మతికీ గల సంబంధాన్ని ప్రపంచ వైద్యశాస్త్రం ఎదుట నిలబెట్టిన ప్రశ్న అది. ఆ కథ తెలుగు విద్యార్థికి తెలియకపోవడం విచారకరం. పాఠం చెప్పే ఉపాధ్యాయునికి తెలియకపోవడం అంతకన్న విచారకరం.

ఆ వ్యాధి పేరు పెల్లాగ్రా. మొదట చర్మం చెడుతుంది. ముంజేతులు, పాదాలు, మెడ, ఇట్లా ఎండ తగిలే తావులలో చర్మం నల్లబడి, గరుకెక్కి, పొలుసులుగా లేస్తుంది. మెడ చుట్టూ ఏర్పడే మచ్చ కంఠహారం వేసినట్లుగా ఉంటుంది. నాలుక ఎర్రబారి పూస్తుంది. విరేచనాలు పట్టుకొంటాయి. వీటితోపాటుగానో, వీటి వెనుకనో మనసు చెదురుతుంది. నిద్రలేమితో, దిగులుతో, చిరాకుతో మొదలై, మరపుగా ముదిరి, తుదకు మతిభ్రమగా పరిణమిస్తుంది. సకాలంలో చికిత్స అందకపోతే ప్రాణమే పోతుంది. చర్మవ్యాధి అనుకొన్నవాడు పసరు పూసి ఊరుకొంటాడు. కడుపు జబ్బు అనుకొన్నవాడు లంఖణం పెట్టిస్తాడు. గాలి సోకినదన్నవాడు భూతవైద్యుని పిలుస్తాడు. మూడూ ఒకే వ్యాధి చూపే మూడు ముఖాలని గ్రహించడానికి వైద్యశాస్త్రానికి రెండు శతాబ్దాలు పట్టినది.

1735లో స్పెయిన్ దేశంలోని ఆస్టురియాస్ సీమలో గాస్పార్ కసాల్ అనే వైద్యుడు పేదరైతులలో ఈ జబ్బును గుర్తించినాడు. 1771లో ఇటలీ వైద్యుడు ఫ్రాపొల్లి దీనికి 'గరుకు చర్మం' అనే అర్థం వచ్చే పెల్లాగ్రా అన్న పేరును గ్రంథస్థం చేసినాడు. రెండు చోట్లా రోగులు మొక్కజొన్న మీదనే బ్రతికే నిరుపేదలు. అయినా మొక్కజొన్నకు పట్టిన బూజు విషమే కారణమని కొందరు, ఇది అంటువ్యాధి అని మరికొందరు వాదించుకొంటూ పోయినారు. అమెరికా దక్షిణ రాష్ట్రాలలో వేలకు వేలు చనిపోతున్న కాలంలో, 1914లో, జోసెఫ్ గోల్డ్‌బెర్గర్ అనే వైద్యుని ప్రభుత్వం ఈ పనికి నియమించినది. ఆయన కన్ను ఒక చిన్న విషయం మీద నిలిచినది. అనాథాశ్రమాలలో, పిచ్చాసుపత్రులలో రోగులకే గాని వారిని కనిపెట్టుకొని ఉండే పరిచారకులకు ఈ జబ్బు రావడం లేదు. అంటువ్యాధి అయితే పరిచారకులను ఎట్లా విడిచిపెడుతుంది? ఆశ్రమంలోని పిల్లలకు పాలు, గుడ్లు, మాంసం పెట్టించినాడు. జబ్బు తొలగిపోయినది. 1915లో మిసిసిపీ జైలు క్షేత్రంలో, విడుదల చేస్తామన్న మాట మీద ఒప్పుకొన్న పదకొండుగురు ఆరోగ్యవంతులైన ఖైదీలకు పేదల తిండి పెట్టించినాడు. వారిలో ఆరుగురికి పెల్లాగ్రా వచ్చినది. అప్పటికీ నమ్మనివారి కోసం ఆయన, ఆయన భార్య, సహచరులు రోగుల రక్తాన్ని సూదిద్వారా తమ శరీరాలలోకి ఎక్కించుకొన్నారు. వారికి ఏ జబ్బూ రాలేదు. తిండిలో లోపించినదేమిటో తేలకుండానే 1929లో గోల్డ్‌బెర్గర్ కన్నుమూసినాడు. అది నికోటినిక్ ఆమ్లమని 1937లో ఎల్వెజెమ్ అనే శాస్త్రజ్ఞుడు తేల్చినాడు. పాఠ్యపుస్తకాలలో నయాసిన్ అనీ, బి3 విటమిన్ అనీ కనబడేది ఇదే.

ఇంత చిన్న పదార్థానికి మెదడుతో పని ఏమిటని విద్యార్థికి సందేహం కలగవచ్చును. మెదడు బరువు శరీరం బరువులో నూటికి రెండు పాళ్లు మాత్రమే. కాని శరీరం విశ్రాంతిగా ఉన్నప్పుడు ఖర్చు చేసే శక్తిలో సుమారు ఐదవవంతు మెదడే వినియోగించుకొంటుంది. తిన్న తిండి నుండి జీవకణం శక్తిని రాబట్టుకొనడానికి నయాసిన్‌తో తయారయ్యే సహాయక పదార్థం కావలెను. అది లేని కణం, నూనె ఉండీ వత్తి లేని దీపం వంటిది. ఎక్కువ శక్తిని కోరే మెదడు ఈ లోపానికి త్వరగా లొంగుతుంది. ఒక మనిషికి రోజుకు కావలసిన నయాసిన్ సుమారు 15 మిల్లీగ్రాములు. చిటికెడు ఉప్పులో కూడా అది ఒక మూల. ఆ మాత్రం లేకపోయేసరికి మనిషి తన బిడ్డను తాను గుర్తించలేకపోవడం సృష్టిలోని వింతలలో ఒకటి.

మొక్కజొన్న సంగతి ఇంతటితో తేలినది. శరీరం ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం నుండి కూడా నయాసిన్‌ను తయారు చేసుకోగలదు. సుమారు 60 మిల్లీగ్రాముల ట్రిప్టోఫాన్ నుండి 1 మిల్లీగ్రాము నయాసిన్ వస్తుంది. మొక్కజొన్న మాంసకృత్తులలో ట్రిప్టోఫాన్ తక్కువ. అందులో ఉన్న నయాసిన్ కూడా శరీరానికి సులభంగా అందని రూపంలో బిగిసి ఉంటుంది. కాని దక్కను పీఠభూమి మీది పేదవాడు తినేది మొక్కజొన్న కాదు, జొన్న. అతనికి ఈ జబ్బు ఎందుకు రావలెను?

ఆహార పరిశోధనకు ఈ దేశంలో ఆది పీఠం నీలగిరులలోని కూనూరు. 1918లో రాబర్ట్ మెక్‌కారిసన్ అక్కడ చిన్నగా ప్రారంభించిన ప్రయోగశాల పెరిగి పెద్దదై, 1958లో హైదరాబాదుకు తరలివచ్చినది. 1969 నుండి దానికి జాతీయ పోషకాహార సంస్థ అని పేరు. ఆ తరలింపుతో శాస్త్రజ్ఞులు జొన్న తినే దేశం నడుమకు వచ్చి నిలిచినట్లయినది. ఇక్కడి ఆసుపత్రులకు వచ్చే పెల్లాగ్రా రోగులు వారి కళ్లబడినారు. మనసు చెదిరి మానసిక వైద్యాలయాలకు చేరినవారిలో కూడా ఈ రోగులు ఉన్నారు. వారందరి తిండినీ విచారించగా తేలినది ఒకటే మాట, జొన్న. ప్రయోగశాలలో తూచి చూడగా జొన్నలో నయాసిన్ దంపుడు తగ్గి తెల్లబడిన బియ్యంలో కంటె తక్కువగా లేదు. ట్రిప్టోఫాన్ మొక్కజొన్నలో అంత హీనంగా లేదు. బియ్యం తినే పేదవానికి రాని జబ్బు జొన్న తినే పేదవానికి వస్తున్నది. అందువలన లోపం ఒక్కటే కారణం కాదేమో, ఏదైనా ఎక్కువ కావడం కూడా కారణమేమో అని వారు ఆలోచించినారు.

సి. గోపాలన్, ఎస్. జి. శ్రీకాంతయ్య 1960లో ఇంగ్లండులోని 'లాన్సెట్' వైద్యపత్రికలో ఈ ఆలోచనను ప్రకటించినారు. మొక్కజొన్నకూ జొన్నకూ ఉమ్మడి గుణం ఒకటి ఉన్నది. రెండింటి మాంసకృత్తులలోను ల్యూసిన్ అనే అమైనో ఆమ్లం బియ్యంలో కంటె చాలా ఎక్కువ. మితిమీరిన ఆ ల్యూసిన్, శరీరం నయాసిన్‌ను తయారు చేసుకొని వాడుకొనే పద్ధతిని తారుమారు చేస్తున్నదేమో అని వారి ఊహ. ల్యూసిన్ ఇచ్చినప్పుడు కొందరు పెల్లాగ్రా రోగుల మనఃస్థితి మరింత క్షీణించినట్లు వారు గమనించినారు. ఆ తరువాతి పదేళ్లలో ఆ సంస్థలో పని ముమ్మరంగా సాగినది. రోగుల మెదడులోని విద్యుత్తరంగాలను యంత్రంతో గీయించి చూచినారు. తరంగాలు మందగించి ఉన్నాయి. నికోటినిక్ ఆమ్లంతో చికిత్స చేసిన తరువాత అవి కుదుటపడినాయి. 1969లో కుక్కలపై చేసిన పరీక్షలను, 1971లో కమలా కృష్ణస్వామి, గోపాలన్ కలిసి ఐసోల్యూసిన్ అనే మరొక అమైనో ఆమ్లం రోగి చర్మం మీద, మెదడు తరంగాల మీద చూపిన ప్రభావాన్ని అదే పత్రికలో ప్రకటించినారు.

ఈ పరిశోధన విలువ అందులోని జటిలమైన పేర్లలో లేదు. ఊరు 'పిచ్చి' అని తేల్చి వదలివేసిన మనిషి మెదడు గీసిన గీతలు కాగితం మీద కనబడినాయి. చికిత్సకు ముందు ఒక విధంగాను, తరువాత మరొక విధంగాను కనబడినాయి. అతని మతి పోలేదు. ఆకలిగొని నీరసించినది. మెతుకులో లోపించినది మాత్రగా అందిస్తే కొద్ది రోజులలోనే అతని చూపు తేటపడి, మాట కుదుటపడి, బిడ్డను పేరుపెట్టి పిలువగలిగినాడు. పూర్వజన్మ పాపమే అయితే అది ఇంత సులభంగా తీరుతుందా? చేతబడే అయితే మాత్రకు లొంగుతుందా? మతిభ్రమలన్నింటికీ తిండియే మూలమని ఎవరూ చెప్పరాదు. మూర్ఛకు, వృద్ధాప్యంలోని మరపుకు, తీవ్రమైన మానసిక వ్యాధులకు వేరు వేరు కారణాలు ఉన్నాయి. కాని ఒక్క మతిభ్రమకైనా కారణం కంచంలో దొరికినది గదా! దొరికిన ఆ ఒక్క కారణం, మిగిలిన వాటికి కూడా కారణం వెదకవలెనే గాని శాపం పెట్టరాదని నేర్పుతున్నది.

ఈ కథలో విద్యార్థి గ్రహించవలసిన రెండవ పాఠం శాస్త్రం నడచే తీరు. ల్యూసిన్ సిద్ధాంతం రాతి మీది గీత కాలేదు. తరువాతి దశాబ్దాలలో ఇతర దేశాల శాస్త్రజ్ఞులు ఎలుకలపై చేసిన పరీక్షలలో ఆ ఫలితం నిలకడగా రాలేదు. జొన్నలోని నయాసిన్ బిగిసి ఉండడమే ముఖ్య కారణమని వాదించినవారు ఉన్నారు. బి6 విటమిన్ లోపం కూడా తోడు కావలెనని హైదరాబాదు పరిశోధకులే తరువాత చూపించినారు. పెద్ద పేరు గలవారు చెప్పినారు గనుక అదే సత్యమని ఎవరూ మూతి బిగించుకోలేదు. సందేహించినవారిని ద్రోహులనీ అనలేదు. సిద్ధాంతం సడలినా పరిశీలన నిలిచినది. జొన్న తప్ప మరేమీ దొరకని నిరుపేదకు పెల్లాగ్రా వచ్చుననీ, నయాసిన్ ఇస్తే అది తగ్గుననీ ఎవరూ కాదనలేదు. తప్పు కావచ్చునన్న భయంతో ఊహించడమే మానుకొనేవాడు శాస్త్రజ్ఞుడు కాలేడు. తప్పని తేలిన తరువాత కూడా పట్టు విడువనివాడు అసలే కాలేడు.

మూడవది ఋణం మాట. ఆ పత్రికలలో శాస్త్రజ్ఞుల పేర్లు ఉన్నాయి. ల్యూసిన్ మ్రింగి, తలకు తీగెలు తగిలించుకొని పడుకొన్న రైతుల పేర్లు, కూలీల పేర్లు లేవు. రోగి పేరును గోప్యంగా ఉంచడం వైద్యధర్మమే. అందులో తప్పు పట్టవలసినది లేదు. కాని వారి శరీరాల మీద చదువుకొన్న జ్ఞానం వారి పల్లెలకు తిరిగి చేరినదా అని అడిగితే సమాధానం చెప్పడం కష్టం. బడిలో పిల్లవాడు 'నయాసిన్ లోపం వలన పెల్లాగ్రా' అని వల్లె వేసి ఒక మార్కు సంపాదించుకొంటాడు. తన తాత తిన్న జొన్నసంకటి ఆ అధ్యాయంలో ఉన్నదని అతనికి ఎవరూ చెప్పరు. 2011 జనగణనలో జోగులాంబ గద్వాల జిల్లా ప్రాంతంలో చదువు వచ్చినవారు సగానికి కొంచెం తక్కువ. అటువంటి చోట పుస్తకంలోని ఒక్క వాక్యం బడి గడప దాటి ఇంటికి చేరడానికి ఉపాధ్యాయుడు తప్ప వేరే దారి లేదు.

పెల్లాగ్రా నేడు అరుదైనది. ఆ ఘనత అంతా మాత్రలకే కట్టబెట్టరాదు. పల్లెలకు చవక బియ్యం వచ్చినది. 1983లో ఆంధ్రప్రదేశ్‌లో వచ్చిన రెండు రూపాయల కిలో బియ్యం పథకం పేదవాని కంచాన్ని మార్చివేసినది. రాజోలిబండ కాలువ నీరు పారిన మేర నడిగడ్డ నేలలో పంటలు మారినాయి. కూలి పెరిగి, సంతలో పప్పు, కూరగాయలు, గుడ్లు కొనే శక్తి కొంత వచ్చినది. ఒక్క జొన్న మీదనే బ్రతుకవలసిన అగత్యం తొలగేసరికి వ్యాధి తనంత తానే వెనుకకు తగ్గినది. మెదడు వ్యాధికి మందు ఔషధశాలలోనే కాక అంగడిలోను, కూలి రేటులోను ఉంటుందన్న సంగతి ఇంతకన్న స్పష్టంగా మరెక్కడా కనబడదు.

అయితే కథ ముగిసినదని అనుకోరాదు. మద్యానికి బానిసయై అన్నం మానివేసినవానికి నేటికీ పెల్లాగ్రా వస్తున్నది. క్షయరోగానికి వాడే ఐసోనియాజిడ్ అనే మందు, తిండి చాలని రోగిలో ఇదే లోపాన్ని తెచ్చిపెట్టగలదు. అట్టివాడు తికమకగా మాట్లాడితే ఇంటివారు 'తాగిన మత్తు' అనుకొంటారు. ఊరు 'తిక్క' అంటుంది. అతని మెడ చుట్టూ ఉన్న నల్లమచ్చను ఎవరూ చూడరు. ఆ మచ్చను గుర్తించి ఆరోగ్య కేంద్రానికి పంపగల కన్ను ఊరిలో ఒక్కటి ఉన్నా ప్రాణం దక్కుతుంది. తరగతిలో ఒక గంట వెచ్చిస్తే అటువంటి కళ్లు నలభై తయారవుతాయి.

ఇక్కడ ఒక ఆక్షేపణ రావచ్చును. జొన్నకు మళ్లీ మంచి రోజులు వచ్చినాయి. భారతదేశం ప్రతిపాదించగా ఐక్యరాజ్యసమితి 2023ను అంతర్జాతీయ చిరుధాన్య సంవత్సరంగా జరిపినది. పట్నవాసులు జొన్నరొట్టెను వెదకి తింటున్నారు. ఇట్టి సమయంలో పాత జబ్బును తవ్వి తీయడం జొన్నను నిందించడం కాదా? కానే కాదు. దోషం జొన్నది కాదు, జొన్న ప్రక్కన మరేమీ లేకపోవడానిది. పప్పుతో, ఆకుకూరతో, పల్లీల పొడితో, చల్లతో తిన్న జొన్నరొట్టె బలమైన ఆహారం. ఉప్పూ కారమూ అద్దుకొని పూటపూటా, నెలల తరబడి తిన్న అదే రొట్టె రోగానికి బాట. పట్నవాసి రొట్టె ప్రక్కన నాలుగు కూరలు ఉన్నాయి. అతని తాత రొట్టె ప్రక్కన పచ్చిమిరపకాయ ఒక్కటే ఉన్నది. ఈ తేడాను మరచి ధాన్యాన్ని పొగడడం ఎంత తప్పో, నిందించడం కూడా అంతే తప్పు. 'మా పెద్దలు జొన్న తిని ఉక్కులా ఉన్నారు' అనేవారు, ఉక్కులా ఉండలేక మధ్యలోనే రాలిపోయినవారిని లెక్కలో చేర్చుకోవలెను.

నేడు మెదడు పరిశోధన అనగానే మహానగరాలు, కోట్ల విలువ గల యంత్రాలు, తెర మీద రంగురంగుల చిత్రాలు జ్ఞప్తికి వస్తాయి. అవి అక్కరలేదని ఎవరూ అనరు. కాని హైదరాబాదులో ఆనాడు యంత్రం తరువాత వచ్చినది. ప్రశ్న ముందు వచ్చినది. రోగి పడక ప్రక్కన కూర్చొని, 'ఏమి తింటావు? ఏ నేల పండినది తింటావు? దానితో ఏమి నంజుకొంటావు?' అని అడిగిన వైద్యుడే పరిశోధనకు తలుపు తెరచినాడు. రోగి పుట్టి పెరిగిన ఊరిని, అతని వంటింటిని, అతని కూలిని విడిచిపెట్టి మెదడును మాత్రమే పరిశీలించే విద్య అసంపూర్ణం. మెదడు వ్యాధులపై రేపు జరిగే పరిశోధనలు అయిజ వంటి చోట్ల నుండి రోగులను తెప్పించుకొంటే చాలదు. అయిజ వంటి చోట్లకు తామే రావలెను. ఫలితాన్ని తిరిగి అక్కడికే తెలుగులో చేర్చవలెను. 2017లో చేసిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చికిత్స పొందడం మనిషి హక్కు అన్నది. హక్కు ఉన్నదని తెలియనివానికి అది ఉండీ లేనట్లే.

గోపాలన్ నూరేళ్లు బ్రతికి 2019లో కన్నుమూసినారు. ఆయన సిద్ధాంతాలలో ఏది నిలుస్తుంది, ఏది సడలుతుంది అన్నది శాస్త్రజ్ఞులు తేల్చుకొంటారు. ఆయన తరం అడిగిన ప్రశ్న మాత్రం బడిపిల్లలకు సైతం అందుబాటులోనే ఉన్నది. వచ్చే ఉత్సవాల రద్దీలో అయిజ వీధిలో ఎవడో చినిగిన బట్టలతో తనలో తాను మాట్లాడుకొంటూ పోతున్నప్పుడు, రాయి పట్టుకొన్న పిల్లవాడు ఒక్కడు దానిని క్రింద పడవేసి, ప్రక్కనున్న పెద్దవారిని 'ఈయన అన్నం తిన్నాడా?' అని అడిగినట్లయితే, ఆ బడిలో విజ్ఞానశాస్త్రం పాఠం జరిగినదని చెప్పవచ్చును.